నాటకంలో రంగం తీసేయమన్నవారు ఏ పక్షం వారు? – చర్చ

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఉగాదికి ఒడిశాలోని మా ఊరి తెలుగు సంఘం వేదిక మీద ప్రదర్శించాలని నేను రాసిన గంటన్నర నాటకాన్ని రెండు నెలలుగా సాధన చేస్తున్నాం. దేవుడి మాన్యాన్ని ఒక ధర్మకర్త గుట్టుచప్పుడు కాకుండా అమ్ముకోవడం, ఊరేగింపు నాడు పల్లకి మోసేవాళ్లు ఆ భూమి కొన్నవాడి గుమ్మం ముందు పల్లకి దించి ఇక కదలమని మొండికేయడం అందులో ముఖ్యమైన ఘట్టం. పోయిన ఆదివారం సంఘం పెద్దలు స్క్రిప్టు తెప్పించుకుని చదివి, పల్లకి రంగం తీసేస్తేనే వేదిక ఇస్తామన్నారు. దేవుణ్ణి నేను ఒక్క మాట అనలేదు. నేను అన్నది దేవుడి సొమ్ము తిన్నవాణ్ణి. ఆ సంగతి ఎంత చెప్పినా, భక్తుల మనసు నొచ్చుకుంటుందనీ, గొడవ జరిగితే పోలీసులు తమనే అడుగుతారనీ అన్నారు.

నా వరకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. సంప్రదాయవాదులకు కళాస్వేచ్ఛ అంటే మొదటినుంచీ భయమేననీ, దాన్ని కాపాడుతూ వచ్చింది అభ్యుదయవాదులేననీ నేను నమ్ముతాను. బరంపురంలో పుట్టి, మా ఊళ్లో గిడుగు రామమూర్తి పంతులుగారి దగ్గర చదువుకున్న తాపీ ధర్మారావుగారు దేవాలయాల మీది బూతు బొమ్మల గురించి 1936లోనే నిర్భయంగా పుస్తకం రాశారు. ఇవాళ అదే గడ్డ మీద పల్లకి దించే రంగం ఆడలేకపోతున్నాం. మీ ఊళ్లలో పరిస్థితి ఎలా ఉందో, ఇలాంటిది ఎదురైనప్పుడు మీరేం చేశారో తెలుసుకోవాలని ఉంది.

విశ్రాంత అధ్యాపకుడు (బరంపురం)

మీకు జరిగింది అన్యాయం, అందులో నాకు సందేహం లేదు. ఆ రంగం ఉండవలసిందే. అయితే అభ్యుదయవాదులు ఒక పక్కన, సంప్రదాయవాదులు మరొక పక్కన నిలబడ్డారన్న మీ మాటను మన సాహిత్య చరిత్ర ఒప్పుకోదు. పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని శృంగార కావ్యం రాధికాసాంత్వనాన్ని తీసుకోండి. దేవదాసీ కుటుంబంలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పూర్తి పాఠంతో అచ్చు వేయించారు. అది స్త్రీ నోట రాదగిన కవిత్వం కాదని అంతకు ముందే నిరసించినవారు ఛాందసులు కారు, వితంతు వివాహాలు జరిపించిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు. 1911లో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్న రోజుల్లో గానీ ఆ నిషేధం తొలగలేదు. స్త్రీల బతుకు బాగుపడాలని జీవితమంతా పాటుపడిన మనిషికి ఒక స్త్రీ తన కోరికను తన పద్యంలో చెప్పుకోవడం సహించరానిదైంది. ఆయనను చిన్నబుచ్చడానికి ఈ మాట అనడం లేదు. సంస్కరణ కోరే మనసులో సైతం కత్తెర ఒకటి ఉంటుందని చెప్పడానికే అంటున్నాను.

ఉన్నవ లక్ష్మీనారాయణగారి నవల మాలపల్లిని మద్రాసు ప్రభుత్వం నిషేధించగా 1937లో వచ్చిన కాంగ్రెసు మంత్రివర్గం ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. పదేళ్లు దాటీ దాటకముందే, అదే పార్టీ చేతిలో ఉన్న మద్రాసు ప్రభుత్వం సుంకర, వాసిరెడ్డి రాసిన మాభూమి నాటకాన్ని నిషేధించింది. కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి దళాలు ఆ నాటకాన్ని ఊరూరా ఆడి జనాన్ని కదిలించడమే అందుకు కారణం.

మరొక సంగతి మాత్రం విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఇవాళ ఏ పక్షం వారూ దాన్ని పూర్తిగా గుర్తు చేసుకోరు. రొమేష్ థాపర్ నడిపిన వామపక్ష వారపత్రిక క్రాస్‌రోడ్స్ తమ రాష్ట్రంలోకి రాకూడదని 1950లో మద్రాసు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అదే సమయంలో ఢిల్లీలో ఆర్.ఎస్.ఎస్. భావాల పత్రిక ఆర్గనైజర్‌ను, అచ్చుకు ముందే అధికారులకు చూపించాలని ఆదేశించారు. ఒకరినొకరు బద్ధశత్రువులుగా చూసుకునే ఈ రెండు పక్షాలవారూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1950 మే 26న, ఒకే రోజున, ఇద్దరూ గెలిచారు. ఏడాది తిరిగేసరికి నెహ్రూ ప్రభుత్వం రాజ్యాంగానికి మొదటి సవరణ తెచ్చి, 19(2) అధికరణంలో భావప్రకటనకు పెట్టగల పరిమితులను పెంచింది. పార్లమెంటులో దాన్ని గట్టిగా ఎదిరించినవారిలో శ్యామాప్రసాద్ ముఖర్జీ ఒకరు. ఉదారవాదిగా పేరుపడ్డ నెహ్రూ పరిమితులు పెంచగా, హిందూ జాతీయవాది ముఖర్జీ స్వేచ్ఛ తరఫున వాదించారు. ఆ రోజున ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నది వారి సిద్ధాంతం కంటే ఎక్కువగా, అధికారం ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి నిర్ణయమైందని నా అభిప్రాయం.

వర్తకుడు (రాయగడ)

నాకు నాటకాలంటే ప్రాణం, కానీ ఇక్కడ నా మాట మీకు రుచించకపోవచ్చు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి నాటకాన్ని నిషేధించినప్పుడు సాహిత్యవేత్తలు చాలామంది బాధపడ్డారు, పత్రికల్లో రాశారు. మా ఇంట్లో మాత్రం ఎవరూ బాధపడలేదు. నేను కోమటి కులంలో పుట్టినవాణ్ణి. ఎనిమిదో తరగతిలో ఉండగా ఊళ్లో ఆ నాటకం ఆడితే, మర్నాటినుంచి బడిలో నన్ను నా పేరుతో పిలిచినవాడు లేడు, అందరికీ నేను అందులోని కోమటి పాత్ర సుబ్బిశెట్టినే. మా నాన్నగారు కొట్టు కట్టేసి వస్తుంటే వెనకనుంచి ఆ పాత్ర మాటలు అరిచేవారు. ఆయన తల దించుకుని నడిచి వచ్చేవారు. కళాస్వేచ్ఛ గురించి మాట్లాడేవారు ఆ దారిలో మా నాన్నగారి పక్కన ఒక్కసారైనా నడిచి ఉంటే బాగుండేది.

నిషేధం రాష్ట్రం సరిహద్దు దాటదు కాబట్టి ఇచ్ఛాపురం దాటి ఇటు ఒడిశాలోకి వస్తే ఆ ఉత్తర్వుకు విలువ లేదని నాకు తెలుసు. ఇక్కడ ఆడించుకోవచ్చు కదా అని ఎవరైనా అంటే నేను అడ్డుపడను, చూడటానికి మాత్రం రాను. నొచ్చుకున్నవాడి బాధ దొంగబాధ అన్నట్టు మాట్లాడవద్దని మాత్రమే నా మనవి.

హార్మోనియం (గుణుపురం)

శెట్టిగారూ, మీరు చెప్పినదానికి సాక్షిని నేనే, కొంతవరకు అపరాధినీ నేనే. యాభై ఏళ్లుగా పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తున్నాను. కాళ్లకూరి నారాయణరావుగారు ఆ నాటకాన్ని సుమారు వందేళ్ల కిందట వేశ్యావ్యామోహం వల్ల కుటుంబాలు ఎలా కూలిపోతాయో చూపించడానికి రాశారు. అచ్చు పుస్తకం తెరిచి చదవండి. వేదిక మీద మీరు విన్న పచ్చి మాటల్లో చాలా భాగం అందులో కనిపించదు. ఆ పాత్ర వేసే నటుడికి ఈలలు కావాలి, కంట్రాక్టరుకు టిక్కెట్లు తెగాలి, అందుకని ఊరూరికీ ఒక మాట చేరుతూ వచ్చింది. చివరికి ఆ రంగం రెండు గంటలు సాగేది, బిల్వమంగళుడి పద్యాలు వినే ఓపిక ఎవరికీ మిగిలేది కాదు. అయ్యా, ఇది వద్దని ఆ రోజుల్లో నటుడికి చెప్పవలసింది మేము. చెప్పలేదు, నవ్వుతూ శ్రుతి అందించాం.

అయినా నిషేధం సరైన మందు కాదనే నా నమ్మకం. చేర్పులు తీసేసి అసలు పాఠం ఆడమని నాటక సమాజాలనే కూర్చోబెట్టి అడిగితే సరిపోయేది. ప్రదర్శన మొత్తాన్నీ పాతరేస్తే, తప్పు చేసిన మాకు శిక్ష పడలేదు, తప్పు చేయని రచయితకు పడింది.

బల్లార్షా

మా వైపు సంగతి కూడా చెబుతాను. మాది చంద్రపూర్ జిల్లా, మా నాన్నగారి తరం బొగ్గు గనుల పనికి కరీంనగర్ వైపునుంచి ఇక్కడికి వచ్చింది. మహారాష్ట్రలో టిక్కెట్టు పెట్టి నాటకం ఆడాలంటే స్క్రిప్టును ముందుగా ముంబయిలోని రంగభూమి ప్రయోగ పరినిరీక్షణ మండలికి పంపి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. 1951 నాటి బొంబాయి పోలీసు చట్టం కింద చేసిన నిబంధనలు దీనికి ఆధారం. తెల్లవారు 1876లో నాటక ప్రదర్శనల చట్టం తెచ్చింది నీలిమందు తోటల దొరల దౌర్జన్యం వంటివి వేదిక ఎక్కకుండా చూడటానికే. ఆ చట్టాన్ని కేంద్రం 2018లో పాత చట్టాలతో కలిపి రద్దు చేసింది గానీ, దాని ఆలోచన మాత్రం పోలీసు నిబంధనల్లో బతికే ఉంది. పాట రాసినవాడు, కవిత రాసినవాడు ముందుగా ఎవరికీ చూపించనక్కర లేదు. నాటకానికే ఈ అనుమానం ఎందుకో నాకు ఇప్పటికీ బోధపడదు.

విజయ్ టెండూల్కర్ మరాఠీ నాటకం సఖారాం బైండర్‌కు 1972లో ఈ మండలి 32 చోట్ల కోతలు కోరింది. దర్శకుడు కమలాకర్ సారంగ్ బొంబాయి హైకోర్టుకు వెళ్లి గెలిచారు. అప్పట్లో ఆ నాటకం మీద వీధికెక్కినవారిలో శివసేనవారు ఉన్నారు కాబట్టి, మహేంద్రతనయగారు చెప్పినట్టు ఇదంతా ఒక పక్షం పనే అనిపిస్తుంది. తరువాత 2004 జనవరిలో శివాజీ మీద జేమ్స్ లేన్ రాసిన పుస్తకానికి సాయం చేశారన్న కోపంతో పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థపై దాడి చేసి, గ్రంథాలను ధ్వంసం చేసింది శంభాజీ బ్రిగేడ్. ఆ బ్రిగేడ్‌వారు తమను బ్రాహ్మణ ఆధిపత్యానికి వ్యతిరేకులుగా చెప్పుకుంటారు. పుస్తకాన్ని నిషేధించింది కాంగ్రెసు, ఎన్.సి.పి. కలిసి నడిపిన ప్రభుత్వం. నిషేధం చెల్లదన్న హైకోర్టు తీర్పును 2010లో సుప్రీంకోర్టు సమర్థించింది. బెంగాల్లో బంగ్లాదేశ్ రచయిత్రి తస్లిమా నస్రీన్ ఆత్మకథ భాగాన్ని 2003లో నిషేధించింది వామపక్ష ప్రభుత్వం. ఈ పేర్లన్నీ వరసగా పెట్టుకుని చూశాక, ఏ జెండా కింద నిలబడాలో తెలియక నేను నాటకం పక్కనే నిలబడ్డాను.

ప్రాణహిత (సిరోంచ)

అందరూ చేసేవారేనని చెప్పి వదిలేస్తే, ఎవరు ఎంత చేయగలరన్న ప్రశ్న మరుగున పడిపోతుంది. మా గడ్చిరోలి జిల్లాలో నేను పద్నాలుగేళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్నాను. ఇక్కడ గోండీలో, తెలుగులో అడవి గురించి, బీడీ ఆకు ధర గురించి పాట పాడితే, ఆ పాట ఎక్కడ నేర్చుకున్నావని అడగడానికి మనుషులు వస్తారు. బడి వార్షికోత్సవంలో పిల్లలు పాడవలసిన ఒక కూలిపాటను నేనే మార్పించాను. ఎవరూ నన్ను ఆజ్ఞాపించలేదు, ఒక్క ఉత్తర్వు రాలేదు. రేపు ఆ పిల్లల తండ్రుల్ని ఎవరైనా పిలిచి కూర్చోబెడతారేమోనన్న భయమే నా చేత ఆ పని చేయించింది. చట్టం పుస్తకాల్లో ఈ రకం కోతకు పేరు లేదు.

సంఘం పెద్దలు వేదిక ఇవ్వకపోతే మహేంద్రతనయగారు వీధిలో ఆడుకోగలరు. రాజ్యం వద్దంటే వీధి కూడా ఉండదు. అదే ఆంధ్రప్రదేశ్‌లో 2005లో విప్లవ రచయితల సంఘాన్ని, మావోయిస్టు పార్టీతో పాటు నిషేధించారు. ఆ సంఘం రాతలు నాకు నచ్చుతాయా లేదా అన్నది వేరే సంగతి. ఒక రచయితల సంఘాన్ని సాయుధ దళంతో కలిపి నిషేధించడం మాత్రం, శెట్టిగారి నాన్నగారికి జరిగిన అవమానంతో గానీ, పల్లకి రంగంతో గానీ ఒకే తూకంలో వేయదగినది కాదు. సిద్ధాంతాలన్నీ ఒకటేనన్న మాట బలవంతుడికే ఎక్కువ ఉపయోగపడుతుంది.

విశ్రాంత అధ్యాపకుడు (బరంపురం)

అమ్మా, మీరు చెప్పిన తూకం సరైనది. నా మొదటి రాతలో ఆ తేడా చూపకపోవడం లోపమే. ముందు ఎవరి చేతిలో లాఠీ ఉందో చూసి, తరువాతే ఎవరి మనసులో ఏముందో చూడాలి. అయినా మనసుల సంగతి కూడా వదలలేం, ఎందుకంటే నేటి సంఘం పెద్దే రేపు మునిసిపాలిటీ ఛైర్మన్ అవుతాడు.

నేను రాజనీతిశాస్త్రం చెప్పిన రోజుల్లో ఒక పాఠం దగ్గర ఏటా ఎక్కువసేపు ఆగేవాణ్ణి. అమెరికాలో శామ్యూల్ స్టౌఫర్ 1954లో వేలమందిని ప్రశ్నించి, మరుసటి ఏడు పుస్తకం వేశారు. కమ్యూనిస్టు, నాస్తికుడు మీ ఊళ్లో ఉపన్యాసం ఇవ్వవచ్చునా, అతని పుస్తకాన్ని గ్రంథాలయంలోంచి తీసేయాలా అన్న ప్రశ్నలు అవి. అప్పుడు చాలామంది తీసేయాలన్నారు. ఇరవై ఏళ్లు గడిచాక అవే ప్రశ్నలు అడిగితే జవాబులు ఎంతో మెరుగుపడ్డాయి, సమాజం సహనశీలమైందని అందరూ సంతోషించారు. 1979లో సల్లివాన్, పియర్సన్, మార్కస్ అనే ముగ్గురు పరిశోధకులు ఆ సంతోషాన్ని శంకించారు. స్టౌఫర్ పట్టికలో ఉన్నవారంతా ఇంచుమించు వామపక్షంవారే. వారిపట్ల భయం తగ్గినంత మాత్రాన సహనం పెరిగినట్టు కాదు. అందుకని వారు ప్రశ్నను మార్చి, నీకు అందరికంటే ఎక్కువ అసహ్యమైన బృందం ఏదో ముందు నువ్వే చెప్పు, ఇప్పుడు వారికి సభ పెట్టుకునే హక్కు ఇస్తావా అని అడిగారు. అలా అడిగినప్పుడు, పెరిగిందనుకున్న సహనంలో చాలా భాగం కనిపించకుండా పోయింది.

మన సుప్రీంకోర్టు ముందు 1989లో వచ్చిన రంగరాజన్ కేసు ఇందుకు చక్కగా సరిపోతుంది. కుల రిజర్వేషన్ల విధానాన్ని విమర్శించిన ఒక తమిళ సినిమా అది. ప్రదర్శిస్తే అల్లర్లు జరుగుతాయని వాదించారు. బెదిరింపులను సాకుగా చూపి భావప్రకటనను అణచకూడదనీ, అడ్డుకునేవారిని అదుపులో పెట్టవలసిన బాధ్యత రాజ్యానిదేననీ కోర్టు చెప్పింది. రిజర్వేషన్లను మనసారా సమర్థించేవాణ్ణి నేను. ఆ సినిమా వాదన నాకు నచ్చదు. ఆ తీర్పును మాత్రం నా విద్యార్థుల చేత చదివించాను.

మహేంద్రతనయగారూ, మీ రంగం తీసేయమన్నవారి గురించి చెప్పారు. ఆ సంఘం కార్యవర్గంలో మీరూ సభ్యులేనని మొదటి రాతను బట్టి ఊహిస్తున్నాను. మీరు ఎప్పుడైనా ఎవరి రంగమైనా తీసేయమన్నారా?

వర్తకుడు (రాయగడ)

అడిగింది మా రచయితగారిని అయినా, నేనూ జవాబు చెప్పుకోవాలనిపించింది. హార్మోనియంగారి మాట చదివాక, అటక మీదినుంచి కాళ్లకూరివారి పుస్తకం దింపి చదివాను. నా పేరుకు అంటుకున్న మాటలు అందులో చాలావరకు లేవు. పుస్తకాన్ని అచ్చు వేయనివ్వకూడదని ఇంతకాలం నా మనసులో ఉన్నమాట నిజం. ఇప్పుడు అలా అనను. చేర్పులతో ఆడితే మాత్రం వేదిక ముందుకు వచ్చి అభ్యంతరం చెబుతాను, అది కూడా నా స్వేచ్ఛే కదా.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మాస్టారూ, మీ ప్రశ్న చూసి మూడు రోజులు ఇటు రాలేదు. జవాబు తెలియక కాదు.

నిరుడు దసరాకు ఒక అమ్మాయి మాకు ఏకాంకిక పంపింది. ఒక చిన్న మిల్లులో కార్మిక నాయకుడు సమ్మె నిధిలోంచి కూతురి పెళ్లికి డబ్బు వాడుకుని, ఆ సంగతి దాచడానికి సమ్మెను ముందుగానే విరమింపజేస్తాడు. చక్కగా రాసింది. ఆ నాయకుడి భార్య అరుగు మీద కూర్చుని లెక్క పుస్తకం చించే రంగం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. కార్యవర్గంలో ఏడుగురం ఉన్నాం. కార్మికోద్యమాన్ని కించపరిచే నాటకం, యజమానులకు పనికివచ్చే నాటకం అని వాదించి దాన్ని తిరగ్గొట్టించింది నేను. ఇరవై రెండేళ్లు యూనియన్లో పనిచేసినవాణ్ణి. ఆ నాయకుడి లాంటివాళ్లు ఇద్దరు నాకు స్వయంగా తెలుసు. తెలిసే అబద్ధమన్నాను.

అప్పుడు ఆ నాటకం ఆడనివ్వాలని చెప్పిన ఒక్క మనిషి, ఇవాళ నా పల్లకి రంగం తీసేయమంటున్న పెద్దాయనే. అందులో తన దేవుడు లేడు కాబట్టి ఆయన ఉదారంగా ఉన్నాడు. నా రంగంలో నా యూనియన్ లేదు కాబట్టి నేను స్వేచ్ఛ గురించి రాస్తున్నాను. మీరు చెప్పిన ఆ ముగ్గురు పరిశోధకులు మా కార్యవర్గంలో కూర్చుని రాసినట్టే ఉంది.

ప్రాణహితగారు రాజ్యం గురించి చెప్పినదాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఆ అమ్మాయి విషయంలో మాత్రం రాజ్యం నేనే అయ్యాను.

ప్రాణహిత (సిరోంచ)

ఆ అమ్మాయికి మీరు ఈ సంగతి చెప్పారా? చెప్పకపోతే ఇక్కడ రాసినది ఆమెకు చేరదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

నిన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్లి చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తిరస్కరించిన కాగితం మీద కారణం రాయలేదనీ, తన తెలుగు బాగాలేదేమోననుకుని ఆ తరువాత ఏమీ రాయలేదనీ చివరికి చెప్పింది. నాకు నోట మాట రాలేదు. ఆ ఏకాంకిక ప్రతిని చాలాసేపు అడిగి తెచ్చుకున్నాను.

ఇవాళ కార్యవర్గ సమావేశంలో రెండు ప్రతులూ బల్ల మీద పెట్టాను. నిరుడు నేను చేసింది తప్పని మినిట్స్ పుస్తకంలో రాయమని అడిగాను, రాశారు. తరువాత, నాటకాన్ని తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని, ఒక రంగం తీసేయమని మాత్రం ఇకమీదట ఎవరూ అడగకూడదని ప్రతిపాదించాను. ఆడనివ్వడమో, మానడమో తేల్చాలి గానీ, తునకలు చేయకూడదు. ఆ పెద్దాయన ఒప్పుకోలేదు. దేవుడి పల్లకి నేల మీద దించడం తన చేతుల మీదుగా జరగదని, తాను ఆ రోజు సభకు రానని అన్నారు. అడ్డుకుంటానని మాత్రం అనలేదు. నలుగురు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు, ఒకరు మాట్లాడలేదు.

ఉగాది సాయంత్రం ఆరున్నరకు ముందు ఆ అమ్మాయి ఏకాంకిక, తరువాత మా నాటకం. ఆమె నాటకంలో యూనియన్ నాయకుడి పాత్రకు ఇంకా ఎవరూ దొరకలేదు, నన్ను వేయమని అడిగింది. రేపటినుంచి సాధన. గుణుపురం హార్మోనియంగారు రాగలిగితే బస్సు దిగేచోటికి నేనే వచ్చి తీసుకువస్తాను.